నెయ్యి గిన్నె పై అరలో పెట్టాను

మా ఆయన రక్తపరీక్ష రిపోర్టులో చెడు కొలెస్ట్రాలనే ఎల్‌డీఎల్ అంకె పక్కన ‘ఎక్కువ’ అన్న గుర్తు కనబడ్డ రోజునే నెయ్యి గిన్నె తీసి ఎవరి చేతికీ అందని పై అరలో పెట్టేశాను. డాక్టరు గారు చెప్పింది వేపుళ్ళు, నెయ్యి కాస్త తగ్గించమని, రోజూ నడవమని, మూడు నెలలయ్యాక మళ్ళీ పరీక్ష చేయించమని. ఆ ‘కాస్త’ అన్న మాట నా చెవికెక్కలేదు. మా మామగారు గుండెపోటుతోనే పోయారు. ఆ భయం ముందు ఏ కొలతా ఆనలేదు నాకు. ఇక ఈ ఇంట్లో కొవ్వన్నది కనబడడానికి వీల్లేదని పట్టుబట్టాను.

అలాగని ఇంట్లోవాళ్ళ నోళ్ళు కట్టేయాలని కాదు. ఇష్టమైనవన్నీ తినాలి, వాటిలో కొవ్వు మాత్రం ఉండకూడదు. అందుకని సూపర్ మార్కెట్లో ‘లో ఫ్యాట్’, ‘ఫ్యాట్ ఫ్రీ’, ‘బేక్డ్’ అని రాసున్నవన్నీ ఒక్కొక్కటే తెచ్చి ఇంటిల్లిపాదికీ రుచి చూపించడం మొదలెట్టాను. నచ్చింది ఉంచడం, నచ్చనిది మార్చడం. ఇంట్లో నేను, ఆయన, కాలేజీకెళ్ళే మా అబ్బాయి, ఎనభై దాటిన మా అత్తయ్య.

ముందు దెబ్బతిన్నది పెరుగు. మాది గేదెపాలు వాడిన ఇల్లు. చిక్కటి గేదెపాలలో కొవ్వు ఆరేడు శాతం దాకా ఉంటుంది. టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం, పూర్తిగా వెన్న తీసిన పాలలో అర శాతానికి మించదు. నేను ఒక్కసారిగా డబుల్ టోన్డ్‌కి దిగాను. తోడుకున్న పెరుగుని గరిటెతో ఒకపక్క తీస్తే, చూస్తుండగానే ఆ గుంటలో నీరు ఊరింది. అన్నంలో కలిపితే మెతుకు ఒకచోట, పెరుగు ఒకచోట. పెరుగు గట్టిగా నిలబడేది పాలలోని మాంసకృత్తులు ఒకదానికొకటి అల్లుకోవడం వల్ల. వెన్న కణాలు ఆ అల్లికకి నునుపునీ, నిండుతనాన్నీ ఇస్తాయి. అవి తగ్గేసరికి అల్లిక పలచనై నీళ్ళు వదిలేస్తుంది. వెన్న తీసిన పాలపొడి రెండు చెంచాలు కలిపి తోడుపెడితే గట్టిపడింది గానీ నాలుక మీద పిండిపిండిగా తగిలింది. చివరికి టోన్డ్ పాలని సన్నసెగ మీద కాసేపు మరగనిచ్చి తోడుపెడితే అందరూ ఒప్పుకున్నారు. ఇప్పటికీ మా ముగ్గురికీ అదే పెరుగు. అసలు ఈ టోన్డ్ పాలు పుట్టింది కొలెస్ట్రాల్ భయంతో కాదు. 1940లలో బొంబాయి పాల కొరత తీర్చడానికి పాడి నిపుణుడు దారా ఖురోడీ చిక్కటి గేదెపాలలో వెన్న తీసిన పాలపొడి, నీళ్ళు కలిపి ఎక్కువమందికి అందేలా చేశారు. మంచి ఆలోచన. ఆయనకి 1963లో అమూల్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతో కలిపి మెగసెసే పురస్కారం కూడా వచ్చింది.

పెరుగు దగ్గరే ఆగుంటే బాగుండేది. పళ్ళ రుచులు కలిపిన ఫ్యాట్ ఫ్రీ యోగర్ట్ కప్పులు తెచ్చాను. కొవ్వు లేని బిస్కెట్లు తెచ్చాను. ఇవి అందరికీ తెగ నచ్చాయి. ఎందుకు నచ్చాయో నేను ఆలోచించలేదు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం 100 గ్రాముల ఘనాహారంలో కొవ్వు 3 గ్రాములు దాటకపోతే ‘లో ఫ్యాట్’ అనీ, అర గ్రాము దాటకపోతే ‘ఫ్యాట్ ఫ్రీ’ అనీ రాసుకోవచ్చు. ఆ మాటలు కొవ్వు సంగతే చెబుతాయి. మిగతాది వెనకవైపు సన్నక్షరాల్లో ఉంటుంది. పదార్థాల పట్టీలో బరువు ఎక్కువున్నదాన్ని ముందు రాయాలన్నది రూలు. ఆ యోగర్ట్ కప్పు మీద పాల తర్వాత రెండో పేరు చక్కెర. బిస్కెట్ల మీద మైదా తర్వాత చక్కెర. కొవ్వు తీసేస్తే పోయిన రుచిని ఏదో ఒకటి పూడ్చాలి కదా, అది చక్కెరతోనో పిండితోనో పూడుస్తారు. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలు చదివి తెచ్చేశాను గానీ, తిప్పి చూడలేదు.

ఈ దారిలో మనకంటే ముందు అమెరికా నడిచింది. తొంభైలలో అక్కడికి వెళ్ళిన మా పెద్దక్కకి బాగా గుర్తు. నబిస్కో కంపెనీ 1992లో స్నాక్‌వెల్స్ అని కొవ్వు లేని కుకీలు తెస్తే జనం ఎగబడ్డారట. కొవ్వు లేదన్న ధీమాతో రెండు తినేవాళ్ళు అరడజను తిన్నారు. 1996లో ఒలెస్ట్రా అనే ఒంటికి పట్టని కొవ్వుతో చిప్స్ వేయించడానికి అక్కడి ప్రభుత్వం అనుమతిచ్చింది. పొట్టలో నొప్పి, విరేచనాలు కావచ్చని ప్యాకెట్ మీద హెచ్చరిక రాయించింది. ఎ, డి, ఇ, కె విటమిన్లని ఆ కొవ్వు తనతో పట్టుకుపోతుంది కాబట్టి వాటిని విడిగా కలపాల్సి వచ్చింది కూడా. 2006లో దాదాపు 49 వేలమంది మహిళల మీద సగటున ఎనిమిదేళ్ళు సాగిన అధ్యయనం ఫలితాలొచ్చాయి. మొత్తం కొవ్వు తగ్గించి తిన్నవాళ్ళలో గుండెజబ్బులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఇదంతా నేను తర్వాత చదువుకున్నాను. ముందే చదవాల్సింది.

ఆ వేసవిలో ఆవకాయ పెట్టాను. కొలత ప్రకారం పోయాల్సిన నువ్వులనూనెలో సగమే పోశాను. ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు అన్నీ మామూలే. మూడోరోజు తిరగ కలిపేటప్పుడే పైముక్కలు పొడిగా కనబడ్డాయి. నూనె అడుగునే ఉండిపోయింది. ఉప్పు సరిపోయింది కదా, ఏం కాదులే అనుకున్నాను. వానలు మొదలయ్యాక ఒకరోజు వాసెన కట్టు విప్పితే జాడీ అంచు చుట్టూ, పైముక్కల మీద తెల్లటి బూజు. పైపైన తీసేసి కింద వాడుకుందామంటే ధైర్యం చాలలేదు. ఏడాది ఊరగాయ మొత్తం పారబోశాను. ఆవకాయ మీద వేలెడెత్తు నిలిచే నూనె రుచికోసమే కాదు, ముక్కకి గాలి తగలకుండా కాపలా కాస్తుంది. గాలి తగలని చోట బూజు పెరగదు. మా అత్తయ్య ఈ సంగతి ఆవకాయ కలిపే రోజే జాడీ పక్కన కూర్చుని చెప్పారు. “నూనె పోసెయ్ అమ్మాయ్, వడ్డించేటప్పుడు ముక్క వంచి తీసుకో” అన్నారు. వినలేదు.

చారు కూడా పాడుచేశాను. నూనె లేకుండా ఒట్టి మూకుట్లో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప వేయించి, ఇంగువ చల్లి చారులో వేశాను. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరప నల్లబడింది, చారులో మాత్రం తాలింపు జాడే లేదు. ఇంగువలో, కరివేపాకులో, మిరపలో ఉండే ఘాటు, సువాసన చాలావరకు నూనెలో కరిగేవి. నూనె వాటిని పట్టుకుని గిన్నెంతా పంచుతుంది. టీస్పూన్ నూనె అంటే నాలుగున్నర గ్రాములు, 40 కేలరీలు. నలుగురికి పంచితే మనిషికి 10. ఆ 10 కేలరీలకోసం రోజూ చారు రుచి పోగొట్టాను. అదే పూట ఆయన భోజనమయ్యాక తినే కొవ్వు లేని బిస్కెట్లు లెక్కపెట్టలేదు. “చారు వాసనే రావట్లేదమ్మాయ్” అని అత్తయ్య ఒకటి రెండుసార్లు మెల్లగా అన్నారు.

ఎయిర్ ఫ్రయర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, చాలామంది అడుగుతున్నారు కాబట్టి. గారెలు దానిలో రావు. మరిగే నూనెలో పడగానే పిండి పైనున్న తడి ఒక్కసారిగా ఆవిరై, పైపొర బిగిసి, లోపల గుల్లబారుతుంది. గాలి అంత వేగంగా వేడిని అందించలేదు. పైన బిరుసు, లోపల ముద్ద. మిరపకాయ బజ్జీల పిండి బుట్ట రంధ్రాల్లోంచి కారిపోయింది. దొండకాయ, బెండకాయ, బంగాళాదుంప ముక్కలకి చెంచాడు నూనె పట్టించి పెడితే మాత్రం మంచి వేపుడే అవుతుంది. మినప అప్పడాలు నిప్పు మీద కాల్చినా, మైక్రోవేవ్‌లో పెట్టినా బాగుంటాయి. నూనె వేయని పెసరట్టు తడిసిన అట్టముక్కలా ఉంది, ఇంకోసారి ఎవరూ అడగలేదు.

మూడు నెలలకి పరీక్ష చేయించాం. ఎల్‌డీఎల్ కొద్దిగా తగ్గింది. మంచి కొలెస్ట్రాలనే హెచ్‌డీఎల్ కూడా తగ్గింది. 150 లోపు ఉండాల్సిన ట్రైగ్లిజరైడ్లు 240 దాటాయి. నూనె చుక్క ముట్టడం లేదని నేను గట్టిగా చెప్పాను. డాక్టరు గారు రిపోర్టు పక్కన పెట్టి, “మానేశారు, సరేనండీ. దాని బదులు ఏం తింటున్నారు?” అని అడిగారు. ఒక్కొక్కటే చెబుతుంటే నాకే అర్థమైంది. కొవ్వున్న భోజనం కడుపులో నిదానంగా కదులుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. అది లేక ఆయనకి పదకొండింటికే ఆకలి. అన్నం ఒక గరిటె ఎక్కువ, సాయంత్రం యోగర్ట్, రాత్రి బిస్కెట్లు. ఒంటికి మించిన చక్కెరనీ, పిండినీ కాలేయం కొవ్వుగానే మారుస్తుంది. నేను వంటింట్లోంచి తీసేసిన కొవ్వు ఆయన రక్తంలోకి వచ్చి చేరింది.

ఆయన సంగతి మందుతో, నడకతో, అన్నం తగ్గించడంతో సర్దుకుంది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అత్తయ్య సంగతి.

ఆవిడ తినేదే పిడికెడు. ఆ పిడికెడులో ముద్దపప్పు మీద చెంచాడు నెయ్యి, రాత్రి గడ్డపెరుగు, ఇవే ఆవిడకి బలం. కొవ్వు గ్రాముకి 9 కేలరీలిస్తుంది, పిండిపదార్థాలైనా మాంసకృత్తులైనా ఇచ్చేది నాలుగే. ఎక్కువ తినలేని మనిషి దగ్గర్నుంచి ఆ తొమ్మిది లాగేసి, వెన్న తగ్గించిన పెరుగు పోశాను. ఒకరోజు ఆవిడ పూలు కడుతుంటే చేతి బంగారు గాజు మోచేతి దాకా జారిపోవడం చూశాను. తూకం వేయిస్తే నాలుగు కిలోలు తగ్గారు. డాక్టరు గారు నన్నేమీ అనలేదు, ఆవిడకి నెయ్యి, మీగడ పెరుగు వెంటనే మొదలెట్టమన్నారు. ఆవిడకి కొలెస్ట్రాల్ పరీక్ష ఎవరూ రాయలేదు. పథ్యం రాసింది నేను. నెయ్యి ఏమైందని ఆవిడ నన్ను ఒక్కసారి కూడా అడగలేదు, కొడుకు ఆరోగ్యం కోసమనుకుని ఊరుకున్నారు. క్షమించమని అడిగితే, “నీ భయం నాకు తెలీదా” అన్నారు.

నెయ్యి ఎంతైనా తినొచ్చని కొందరు ఇప్పుడు చెబుతున్నారు. అదీ నిజం కాదు. నెయ్యి, వెన్న, పామాయిల్‌లాంటి సంతృప్త కొవ్వులు ఎక్కువైతే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, అది ఎక్కువున్నవాళ్ళు తగ్గించుకోవాల్సిందే. మళ్ళీమళ్ళీ కాచిన నూనె, వనస్పతి వేసిన బేకరీ సరుకు మానాల్సిందే. వాటి బదులు వేరుశెనగ, నువ్వులు, చేపలు తింటే మేలు. కొవ్వు తక్కువ తిండి కావాలంటే మన ఇంట్లోనే ఉంది. ఇడ్లీ, ఆవిరి కుడుము, పప్పుచారు, పులుసులు, వెన్న తీసిన మజ్జిగ. వీటికి ఫ్యాట్ ఫ్రీ ముద్ర అక్కర్లేదు. గారెలు పండక్కి నూనెలోనే వేసుకుంటున్నాం, రెండేసి.

ఇంట్లో ఒకరి రిపోర్టు చూసి అందరి కంచాలూ మార్చకండి. ముఖ్యంగా రెండేళ్ళలోపు పిల్లల పాలలో కొవ్వు, బక్కచిక్కుతున్న పెద్దవాళ్ళ నెయ్యి డాక్టర్ని అడక్కుండా ఆపకండి.