నిమ్మకాయలు, ఎయిర్ బ్యాగులు

నలభై ఆరేళ్ల వయసులో కారు నడపడం నేర్చుకున్నాను. అప్పటిదాకా స్కూటరే. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. కంటి పరీక్షకు మూడు నెలలకోసారి గుంటూరు నుంచి విజయవాడ తీసుకెళ్లాలి. బస్సు మెట్లు ఎక్కలేదు. అందుకని 2024లో లైసెన్సు చేతికి రాగానే కారు బేరాలు మొదలుపెట్టాను.

హేతువాదినని చెప్పుకునేవాణ్ని కాబట్టి కొన్ని సంగతులు ముందే తేల్చేశాను. ముహూర్తం చూడను. నంబరు అంకెలు కూడితే తొమ్మిది రావాలని వెతకను. 9999 కోసం ఆర్టీఏ వేలంలో లక్షలు పోసే వాళ్లున్న రాష్ట్రాలు మనవి. ఎనిమిది వచ్చినా, నల్ల రంగయినా నాకు అభ్యంతరం లేదు. దీంతో మూఢనమ్మకాల పని అయిపోయిందనుకున్నాను.

ఇక సలహాలు. కారు కొంటున్నానని చెప్పిన ప్రతివాడూ అడిగిన మొదటి ప్రశ్న "ఎంతిస్తుంది?" అని. మైలేజీ. నేనూ అదే పట్టుకుని వేలాడాను. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది. నేను ఏడాదికి తిరిగేది మహా అయితే ఆరువేల కిలోమీటర్లు. లీటరుకు 18 ఇచ్చే బండికి 333 లీటర్లు కావాలి, 22 ఇచ్చేదానికి 273. తేడా 60 లీటర్లు. లీటరు రూ.110 వేసుకున్నా ఏడాదికి రూ.6,600. ఈ తేడా కోసం నేను నెలరోజులు బుర్ర పాడుచేసుకున్నాను. పైగా కంపెనీ చెప్పే మైలేజీ ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపి కొలిచింది. బ్రాడీపేట ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నడిపితే అది రాదు.

చివరికి ఒక బండి కుదిరింది. 2016 మోడల్, ఒకే చేతి మీద నడిచింది, రెండు లక్షల పదివేలు. అన్నిటికన్నా తక్కువ రకం వేరియంటు. ఎయిర్ బ్యాగులు లేవు. డోరు వేస్తే దబ్బుమని శబ్దం వచ్చింది. "పాత ఇనుమండీ, గట్టిది" అన్నాడు అమ్మేవాడు. నేనూ తలూపాను.

ఆ రాత్రి అన్నం తింటుంటే అమ్మ రెండు కోరికలు కోరింది. బండి ఇంటికి రాగానే పూజ చేయించాలి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. నేను మామూలుగా ఇచ్చే ఉపన్యాసం ఇచ్చాను. నిమ్మకాయ నలిగితే రోడ్డు మీది లారీకి ఎలా తెలుస్తుందని అడిగాను. అమ్మ అంతా విని, "సరేలేరా, టీవీలో చూపిస్తారే, గుద్దుకుంటే ఉబ్బే సంచులు, అవి ఉన్నాయా అందులో?" అంది.

"లేవమ్మా. మనం నలభై దాటనివ్వం కదా."

"ఎదురొచ్చేవాడు కూడా నలభైలోనే వస్తానన్నాడా?"

నా దగ్గర జవాబు లేదు. పదిరూపాయల నిమ్మకాయకు ఆధారం అడిగినవాణ్ని, రెండు లక్షల రేకు డబ్బాకు ఏ ఆధారం అడిగాను? డోరు శబ్దం! "నాకేమీ కాదులే" అన్నది కూడా నమ్మకమే. దానికి దండ వెయ్యలేదు, అంతే తేడా.

అప్పుడు కూర్చుని చదివాను. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్ముతున్న ఐదు చిన్న కార్లను, ఎయిర్ బ్యాగులు లేని రకాలను, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఫిగో, ఐ10, పోలో. పెద్దవాళ్ల రక్షణలో ఐదింటికీ సున్నా నక్షత్రాలు. ఎయిర్ బ్యాగులు పెట్టిన పోలోకు మాత్రం నాలుగు వచ్చాయి. మిగతావాటిలో కొన్నింటి బాడీ ఎంత బలహీనమంటే, సంచులు పెట్టినా పెద్దగా లాభం ఉండదని ఆ సంస్థే చెప్పింది. అంటే సంచీ ఒక్కటే చాలదు, మనం కూర్చునే భాగం నలగకుండా నిలవాలి. ముందుభాగం మాత్రం నలగాలి. అది నలుగుతూ దెబ్బను మింగుతుంది. "రేకు నొక్కితే లోపలికి పోతోంది, ఇదేం బండి" అనే పరీక్ష పరీక్షే కాదు.

నేను బేరమాడిన బండి ఆ ఐదింటిలో లేదు. దాన్ని ఎవరైనా గుద్దించి చూసిన రిపోర్టు నాకు దొరకలేదు. రిపోర్టు లేకపోవడం భద్రతకు రుజువు కాదు కదా! మర్నాడే బేరం వదులుకున్నాను.

నాలాగా తక్కువ డబ్బుతో మొదటి కారు కొనేవారికి పనికొస్తాయని కొన్ని తేదీలు చెబుతాను. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. 2019 జులై 1 నుంచి డ్రైవరు ఎయిర్ బ్యాగు, వెనక్కి తీసేటప్పుడు మోగే పార్కింగు సెన్సర్లు తప్పనిసరి. కొత్తగా నేర్చుకున్నవాడికి ఆ సెన్సర్ల విలువ తెలుస్తుంది. ముందుసీటులో పక్కన కూర్చునేవారికీ ఎయిర్ బ్యాగు 2022 జనవరి నుంచి అన్ని కార్లలో వచ్చింది. కాబట్టి పాత బండి కొనేటప్పుడు రంగు కన్నా ముందు తయారైన నెల చూడండి. తర్వాత ఆ మోడల్‌ను గుద్దించి చూశారేమో వెతకండి. 2023 అక్టోబరు నుంచి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో ఈ నక్షత్రాలు ఇస్తోంది. ఆర్సీ మీద అప్పు ఉందేమో, సర్వీసు కాగితాల్లోని కిలోమీటర్లకూ మీటరుకూ పొంతన ఉందో లేదో చూసుకోండి. మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, అమ్మేవాడు తెచ్చినవాణ్ని కాదు. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కాబట్టి కొత్తదాని ధర కూడా పక్కన పెట్టుకుని లెక్క వేయండి.

నేను 2022లో తయారైన చిన్న బండి నాలుగు లక్షల నలభైవేలకు కొన్నాను. కంపెనీ పేరు చెబితే ప్రకటన అవుతుంది. అదనంగా పడిన రెండు లక్షల ముప్పైవేలకు సొసైటీలో అప్పు పెట్టాను. ఇంకా కడుతున్నాను.

బండి వచ్చిన రోజు అమ్మతో ఒక ఒప్పందం చేసుకున్నాను. వెనకసీటులో కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలి. వెనకవాళ్లకూ బెల్టు చట్టప్రకారం తప్పనిసరి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. మనవాళ్లలో ఎంతమంది పెట్టుకుంటున్నారు? 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన కారులో, వెనకసీటులో, బెల్టు లేకుండా. అమ్మ ఒప్పుకుంది. బదులుగా నిమ్మకాయలు పెట్టుకుంటానంది. పెట్టుకోమన్నాను.

మా సంఘం మిత్రుడొకరు "రాజీ పడ్డావు" అన్నారు. పడ్డాను. ఆయన వాదన తప్పని నేననను. కానీ నన్ను బేరం దగ్గర ఆపిన ప్రశ్న మా సంఘం సమావేశంలో రాలేదు, నిమ్మకాయలు కోరిన మనిషి దగ్గర్నుంచి వచ్చింది. మొన్న విజయవాడ వెళ్తూ మంగళగిరి దాటాక నీళ్ల కోసం ఆపాను. మళ్లీ బయలుదేరబోతుంటే వెనకనుంచి అమ్మ, "ఆగరా, బెల్టు పెట్టుకోనీ" అంది. ఆగాను.