పేర్లు పోయిన మొక్కలు

కడియంలో ఆ ఇంటికి వానాకాలం అంటే నిద్ర లేని కాలం. తెల్లారకముందే లారీ వచ్చి వాకిట్లో ఆగుతుంది. కూలీలు మొక్కల సంచులు అందిస్తుంటే, ఇంటాయన ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని బిల్లు తీయాలి. సరిగ్గా అప్పుడే తెర మీద ఓ కబురు ప్రత్యక్షమయ్యేది. డి డ్రైవును తనిఖీ చేయాలట... వద్దనుకుంటే కొద్ది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కాలట! ఆయన నొక్కేసేవారు. బయట డ్రైవరు హారన్ మోగిస్తుంటే ఎవరు మాత్రం ఆగుతారు?

ఇలా ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు. దాదాపు నాలుగు నెలలు.

మొదట కరెంటు మీద అనుమానం వచ్చింది. గాలివాన వస్తే చాలు, సరఫరా ఆగుతుంది. ఏదైనా రాస్తుండగా కరెంటు పోతే, డిస్కు మీద ‘ఇక్కడ పని సగంలో ఆగింది’ అనే గుర్తు ఉండిపోతుంది. దాన్నే డర్టీ బిట్ అంటారు. మళ్లీ ఆన్ చేసినప్పుడు విండోస్ ఆ గుర్తును చూసి తనిఖీకి పూనుకుంటుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కదా అని కొత్తది వేయించారు. వారం బాగానే నడిచింది. ఎనిమిదో రోజు మళ్లీ అదే కబురు.

తర్వాత రాజమండ్రిలో ఓ మరమ్మతుల దుకాణానికి తీసుకెళ్లారు. ‘‘ఫార్మాట్ కొట్టేద్దామండి, అన్నీ పోతాయి’’ అన్నాడా కుర్రాడు. జబ్బులు పోతాయని అతని ఉద్దేశం. సి డ్రైవు మొత్తం తుడిచి విండోస్ మళ్లీ ఎక్కించాడు. పది రోజులకు కథ మొదటికొచ్చింది. ఇంకోసారి తీసుకెళ్తే ఇంకోసారి ఫార్మాట్ కొట్టాడు. మన ఊళ్లలో కంప్యూటర్‌కు ఏం జబ్బు చేసినా అందే మందు ఇదొక్కటే!

అసలు ఆ తనిఖీలో జరిగేదేమిటి? నర్సరీ వాళ్లకు చెప్పడం తేలిక. తోటలో ఏ మడిలో ఏ మొక్క ఉందో రాసుకునే పుస్తకం ఒకటి ఉంటుంది. డిస్కు మీదా అలాంటి పుస్తకమే ఉంటుంది. ఏ ఫైలు పేరేమిటి, అది ఎక్కడెక్కడ ముక్కలుగా ఉంది అన్నది అందులో రాసి ఉంటుంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతే ఇప్పటికీ మన ఇళ్లలోని విండోస్ కంప్యూటర్లలో నడుస్తోంది. చెక్‌డిస్క్ అనే ప్రోగ్రాం ఈ పుస్తకాన్ని తిరగేసి, లెక్క కుదరని చోట దిద్దుతుంది. ఎలాగూ కుదరకపోతే ఆ పద్దు కొట్టేస్తుంది. దానికి కావాల్సింది పుస్తకంలో లెక్క సరిపోవడం. మడిలో మొక్క ఏమైందన్నది దాని బాధ్యత కాదు. పుస్తకం ఎందుకు పాడవుతోందో కూడా అది చూడదు.

ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఓ ఆదివారం లారీలు లేవు. ‘పోనీ, ఈసారి పూర్తిగా కానిద్దాం’ అనుకుని ఇంటాయన ఏ కీ నొక్కకుండా వదిలేసి భోజనానికి వెళ్లారు. తెర మీద వరసలు పరుగెత్తాయి. పాడైన ఫైలు పద్దును తొలగిస్తున్నాం... పాడైన ఫైలు పద్దును తొలగిస్తున్నాం... చదివిన వాళ్లు లేరు. భోంచేసి వచ్చేసరికి తప్పులన్నీ సరిచేశామన్న మాట కనిపించింది. ఆయన హమ్మయ్య అనుకున్నారు.

రెండ్రోజుల తర్వాత ఇల్లాలు మావయ్యగారి ఫొటోలు చూద్దామని కూర్చున్నారు. ఫోల్డర్ ఉంది. అందులో ఆరొందల పైచిలుకు ఫొటోలు ఉండాలి. నలభై కూడా లేవు.

అవి మామూలు ఫొటోలు కావు. నర్సరీ మొదలుపెట్టిన పెద్దాయన, ఆఖరి రెండు శీతాకాలాలూ, సాయంత్రం పూట మనవరాలిని వెంటబెట్టుకుని వరస వరసా తిరిగారు. ఆయన మొక్క పేరు చెప్పడం, ఆ పిల్ల ఫొటో తీయడం, ఇంటికొచ్చి ఆ పేరే ఫైలుకు పెట్టడం. నందివర్ధనం, నూరువరహాలు, రాధామనోహరం, పొగడ లాంటివి అందరికీ తెలిసినవే. కానీ ఒక్కో క్రోటన్ రకానికి ఆయన సొంతంగా పెట్టుకున్న పేర్లూ వాటిలో ఉన్నాయి. ఆయన పోయాక అవి ఇంకెక్కడా లేవు. కెమెరా కార్డు ఎప్పుడో తుడిచి మళ్లీ వాడేశారు.

మనవరాలు కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతోంది. ఫోన్‌లో విషయం విని ‘‘నాన్నా, ముందు దాన్ని ఆపేయండి. నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు’’ అంది. అదే వాళ్లను కాపాడింది. పుస్తకంలో పద్దు కొట్టేసినంత మాత్రాన ఫొటో అక్కడినుంచి వెంటనే మాయం కాదు. ఆ చోట కొత్తగా ఏదైనా రాస్తేనే పోతుంది. రోజూ బిల్లులు కొడుతూ ఉంటే ఏ బిల్లు ఏ ఫొటో మీద పడేదో!

శనివారం ఆ అమ్మాయి వచ్చి డిస్కు ఊడదీసింది. యూఎస్‌బీ డాక్‌లో పెట్టి తన ల్యాప్‌టాప్‌కు తగిలించి, కొత్తగా కొన్న మరో డిస్కు మీదకు మొదటి నుంచి చివరి దాకా నకలు తీసింది. మరమ్మతు ఆలోచన తర్వాత, ముందు నకలు. రాత్రంతా పట్టింది. విచిత్రమేమిటంటే, ఆ రాత్రంతా ఒక్క తప్పూ రాలేదు. నాలుగు నెలలుగా ఏడిపిస్తున్న డిస్కు ఇదేనా అన్నట్టు నడిచింది.

అక్కడే ఆమెకు అనుమానం వచ్చింది. డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే రాసుకుంటాయి. స్మార్ట్ అంటారా చిట్టాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాంతో ఎవరైనా చూసుకోవచ్చు. పాడైన చోట్లు సున్నా, చదవలేక పక్కన పెట్టినవి సున్నా. కానీ సీఆర్‌సీ తప్పులు మాత్రం వందల్లో ఉన్నాయి. ఆ అంకె పెరిగిందంటే డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో మాట చెదిరిందని అర్థం. అంటే తీగ! పెట్టె పక్కరేకు మూసినప్పుడల్లా ఆ తీగ మడత పడి, కొన దగ్గర వదులైంది. రాస్తుండగా డిస్కు క్షణం పాటు తెగిపోతే, కరెంటు పోయినట్టే. తనిఖీ చేస్తుండగా తెగితే ఇంకా ఘోరం. సరిగ్గా అందని పద్దును పాడైందనుకుని కొట్టేసే ప్రమాదం ఉంది. ర్యాం చెడినా ఇలాంటి వింతలే జరుగుతాయని మరో రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి చూసింది. దాని తప్పేమీ లేదు. తీగ మార్చాక సీఆర్‌సీ అంకె ఉన్నచోటే ఆగిపోయింది. ఆ తీగ ఖరీదు ఒక పూలమొక్కకు మించదు.

అలాగని స్మార్ట్ చిట్టాను గుడ్డిగా నమ్మడానికీ లేదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి ఒక నివేదిక ఇచ్చారు. ఉపరితలం మీద తొలి తప్పు దొరికిన డిస్కు, ఆ తర్వాతి అరవై రోజుల్లో చెడిపోయే అవకాశం మామూలు వాటికంటే 39 రెట్లు ఎక్కువని తేల్చారు. మరోవైపు, చెడిపోయిన వాటిలో సగానికి పైగా డిస్కులు నాలుగు ముఖ్యమైన సూచికల్లో దేనిలోనూ ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయట. అందుకే ఆ ఇంట్లో ఇప్పుడు రెండు నకళ్లు ఉంటున్నాయి. ఒకటి బీరువాలో, ఇంకోటి కాకినాడలో.

ఇక ఫొటోలు. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంను నకలు మీద నడిపితే, అది పుస్తకంతో పనిలేకుండా డిస్కంతా వెతుకుతుంది. ప్రతి జేపెగ్ ఫొటోకూ మొదట్లో ఒకే రకం గుర్తు ఉంటుంది. దాన్ని పట్టుకుని ఒక్కొక్కటీ బయటికి లాగుతుంది. దాదాపు అన్నీ వచ్చాయి. ఓ పాతిక మాత్రం సగం బూడిదరంగుతో చిరిగిపోయినట్టు ఉన్నాయి. అయితే పేర్లు లేవు. ఎఫ్ అక్షరం, దాని వెనక అంకెలు, అంతే. పేర్లుండేది పుస్తకంలో, ఆ పద్దులేమో కొట్టేసి ఉన్నాయి.

ఇల్లాలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘‘ఇవి ఏ రోజు తీసినవో తెలుస్తుందటే?’’ అని అడిగారు. తెలుస్తుంది. ఫొటో లోపలే తేదీ, సమయం దాక్కుని ఉంటాయి. వాటి ప్రకారం పేర్చితే, పెద్దాయన నడిచిన దారి బయటపడింది. బావి దగ్గర మొదలై, మల్లెమడుల పక్కగా కాలువగట్టు దాకా. ఇక తల్లీకూతుళ్లు ల్యాప్‌టాప్ పట్టుకుని అదే దారిన నడిచారు. పదేళ్లుగా అక్కడే అంట్లు కడుతున్న ముసలమ్మ వెంట వచ్చింది. ‘‘ఇది పెద్దయ్యగోరి చిలకముక్కండమ్మా. ఆకు కొస సూడండి’’ అంటూ ఒక్కో క్రోటన్‌కూ పేరు చెబుతుంటే అమ్మాయి రాసుకుంది. కొన్ని పేర్లు ఇల్లాలికే గుర్తొచ్చాయి. కొన్ని మొక్కలు ఇప్పుడు తోటలోనే లేవు.

పదకొండు మిగిలాయి. వాటిని పెద్దవిగా ప్రింటు తీయించి ముందుగదిలో కంప్యూటర్ పైన గోడకు అంటించారు. బేరానికొచ్చిన పాత ఖాతాదారులకు టీ ఇచ్చాక ఇంటాయన అడుగుతారు, ‘‘మా నాన్నగారు దీన్ని ఏమని పిలిచేవారో గుర్తుందా అండీ?’’ అని. మొన్న ఒడిశా నుంచి వచ్చిన ఒకాయన మూడో ఫొటో దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుని, పేరు చెప్పారు.

ఇంకా పది ఉన్నాయి.