మోడు పూసింది

ప్రహరీ గోడకు అడ్డమని కొట్టేసిన కాగితం పూల చెట్టు మోడు ఒకటి కోల్‌కతా వానల్లో తడుస్తూ బడి వెనక పడి ఉంది. తెలుగు తరగతి వాళ్లం దాన్ని తెచ్చుకున్నాం. నలిగిన వేళ్లు కోసేసి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో నాటి, నీడన ఉంచాం. మూడు వారాలకే చిగుళ్లు! ఆ సంబరంలో అందమైన బోన్సాయ్ కుండీలోకి మార్చాం. నాలుగు రోజుల్లో చిగుళ్లన్నీ వాడిపోయాయి. గోటితో బెరడు గీరి చూస్తే, అదృష్టం, లోపల ఇంకా పచ్చగానే ఉంది.

మోడు తనలో దాచుకున్న బలంతోనే ముందు చిగురిస్తుంది. వేళ్లు తర్వాత వస్తాయి. ఆ లేత వేళ్లు చాలా పెళుసు. చిగురు చూసి వేరూనిందనుకున్నాం, అదే మా పొరపాటు.

బదిలీల బడి మాది. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి రోజే నవ్వుతారు. కుదురుకున్నారనుకుని తొందరపెడతాం. ఊరూరూ తిరిగే టీచర్లం, మాకైనా తెలియాలి.

శిబ్‌పూర్ తోటలోని మహా మర్రికి తెగులు సోకిన అసలు మానును 1925లో తీసేశారు. నేలలో దిగిన ఊడలే ఇప్పటికీ దాన్ని నిలబెడుతున్నాయి.

ఈసారి మోడును ఏడాది పాటు కదపలేదు. తర్వాతే కొమ్మలు కత్తిరించి, తీగ చుట్టి మెల్లగా వంచి, ఎండలో పెట్టి నీళ్లు తగ్గించాం. ఈ ఫాల్గుణంలో పూసింది. రేకులనుకున్న గులాబీ రంగువి నిజానికి ఆకులే. అసలు పూలు వాటి మధ్య తెల్లగా, చిన్నగా ఉన్నాయి.

రోజూ దాన్ని చూసుకున్న అమ్మాయి నాన్నగారి బదిలీతో వెళ్లిపోయింది. వెళ్తూ కుండీకి చీటీ కట్టింది: "మట్టి ఆరాకే నీళ్లు పోయండి. కదపకండి."