సర్కారు బళ్లో ఫ్రెంచా?

ఆరో తరగతి నుంచే సర్కారు బళ్లో ఫ్రెంచ్ పెడితే బావుంటుందని అన్నానో లేదో, మా భిలాయి హథ్‌ఖోజ్‌లో టీ కొట్టు దగ్గర ఒకటే నవ్వు. 'ముందు ఇంగ్లీషు రానివ్వండి సార్' అన్నాడొకాయన. అదీ నిజమే. ఇక్కడి పిల్లలకి ఇంట్లో ఛత్తీస్‌గఢీ, బళ్లో హిందీ, పైన సంస్కృతం. మన తెలుగు పిల్లలకి తెలుగు అదనం, అదీ ఇంటివరకే.

కానీ ఇది భిలాయి కదా! 1955లో ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్‌తో ఒప్పందం కుదిరాక మనవాళ్లు అక్కడికెళ్లి ఉక్కు పని నేర్చుకుని రాలేదూ? పని కోసం పరాయి భాష మనకి కొత్త కాదు. ఫ్రెంచ్ అంటే ఈఫిల్ టవరూ సెంటు సీసాలూ అనుకుంటాం గానీ, ఇవాళ ఇనుప ఖనిజం వ్యాపారమంతా కన్నేసిన సిమండూ గనులున్న ఆఫ్రికా దేశం గినీలో ఆఫీసు కాగితాలు ఫ్రెంచ్‌లోనే నడుస్తాయి. అంతెందుకు, 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానాంలో తెలుగింటి పిల్లలు ఆ భాషలో చదువుకున్నవాళ్లే.

2020 జాతీయ విద్యా విధానంలోనూ ఫ్రెంచ్ పేరుంది, కాకపోతే హైస్కూలు నుంచి.

చిక్కల్లా టీచరుతోనే. దుర్గ్ జిల్లాలో సర్కారు బడికొచ్చి ఫ్రెంచ్ చెప్పేవాళ్లు మీకెవరైనా తెలుసా?