కూలి లెక్కలో రాయని పని

ఈసారి పోస్టు నల్లతామర పురుగు గురించి కాదు, మిర్చి రేటు గురించీ కాదు. మా ఇంటి వంట గురించి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

2025 ఫిబ్రవరిలో మా నూజెండ్ల చుట్టుపక్కల మిర్చి కోతలు ముమ్మరంగా ఉన్నాయి. మా ఇంటావిడ కల్లం దగ్గర కాలు జారి పడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టి ఆరు వారాలు కదపొద్దన్నారు. అప్పటికి మా పాప బీఈడీ పూర్తిచేసి ఇంట్లోనే ఉండి డీఎస్సీకి చదువుకుంటోంది. మావాడు ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం చూసుకుంటూ వాడూ ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరికీ చేతులు రెండేసి ఉన్నాయి. అయినా ఎవరు వండాలని మా ఇంట్లో ఒక్క మాట అనుకోలేదు. తెల్లారి లేచేసరికి పాప పొయ్యి దగ్గర ఉంది.

మా అమ్మ అయితే "ఇప్పుడన్నా నేర్చుకుంటది, రేపు అత్తారింట్లో మన పరువు నిలబెడతది" అంది. నేనూ నవ్వాను. ఒకరోజు కూరలో ఉప్పెక్కువైతే "ఇట్టా వండితే నిన్నెవరు చేసుకుంటారమ్మా" అన్నది కూడా నేనే.

ఆ పిల్ల నాలుగున్నరకు లేచేది. టీ, అన్నం, కూర, చేలోకి నా క్యారేజీ, మా అమ్మకు కారం తగ్గించి వేరే కూర, వాళ్లన్నకు టిఫిన్. అంట్లు తోమి పుస్తకం పట్టేసరికి పది అయ్యేది. సాయంత్రం మళ్లీ అదే పని.

ఒకరోజు మబ్బు పట్టిందని, కాయల మీద కప్పే పట్టాల కోసం ఇంటికి పరిగెత్తుకొచ్చా. పాప వంటింట్లో పప్పు డబ్బాకు పుస్తకం ఆనించి, చదువుతూ వంకాయలు తరుగుతోంది. పుస్తకం అంచులకు పసుపు మరకలు. పక్క గదిలో మావాడు ఫోన్లో క్రికెట్ చూస్తా "చెల్లీ, మంచినీళ్లు" అని కేకేశాడు. ఆ పిల్ల కత్తిపీట దించి, చెయ్యి తుడుచుకుని వెళ్లి ఇచ్చింది. నేనూ టీ అడుగుదామనే వచ్చినోణ్ణి. అడగలేక పట్టాలు తీసుకుని వెళ్లిపోయా. అంతేగానీ మావాణ్ణి లేపి పనిలో పెట్టలా. అది నా తప్పు.

కట్టు విప్పాక కూడా బరువులు ఎత్తొద్దన్నారు. దాంతో వంట పాప చేతిలోనే ఉండిపోయింది. ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, జూన్‌లో పరీక్షలు. పాప రాసింది. రాలేదు.

వంట వల్లే పోయిందని ఆ పిల్ల ఒక్కసారి కూడా అనలా. నేనూ గట్టిగా చెప్పలేను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక లెక్కేశా. రోజుకు ఐదు గంటలు, తక్కువలో తక్కువ నూరు రోజులు. 500 గంటలు. అంత చదువుకునే టైము ఇంటిల్లిపాదీ అన్నంతో పాటు తినేశాం.

మనం లెక్క తెలియనోళ్లం కాదు. దుక్కి, నారు, మందులు, కోత కూలి, కోల్డ్ స్టోరేజీ అద్దె, గుంటూరు యార్డులో కమిషన్, అన్నీ రాసుకుంటాం. మద్దతు ధర లెక్కలో ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ అంటారే, అందులో మనం చేతి నుంచి పెట్టిన ఖర్చుకు ఇంటిమనుషులు చేలో చేసిన పనిని కూడా విలువ కట్టి కలుపుతారు. కానీ చేలో పని వరకే. ఆ చేలోకి వచ్చిన క్యారేజీ ఎవరు కట్టారో ఏ లెక్కలోనూ ఉండదు. మన చేలో కాయ కోసే ఆడకూలీలు కూడా చీకటితో లేచి, ఇంట్లో వండిపెట్టే ఆటో ఎక్కుతారు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. కేంద్రం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లకు అందులోనే రోజుకు సగటున 289 నిమిషాలు పోతాయి. చేసే మగవాళ్లకు 88. అసలు చేసేవాళ్లే మగవాళ్లలో నూటికి 27 మంది. 1999లో దీపం పథకం వచ్చినప్పటి నుంచి మన ఊళ్లలో గ్యాస్ పొయ్యిలు పెరిగాయి, పొగ తగ్గింది. పొయ్యి మారింది గానీ దాని ముందు నిలబడే మనిషి మారలేదు.

మగాడికి వంటేందయ్యా అంటారా? మన పెళ్లిళ్లలో వంట మాస్టర్లు ఎవరు? వంట బాగుంటే నలభీమపాకం అంటాం. నలుడూ భీముడూ మగవాళ్లే కదా. కూలిచ్చే చోట లేని నామోషీ ఇంట్లో ఎందుకొచ్చింది?

చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి గడ్డ అని మనం గొప్పగా చెప్పుకుంటాం. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని కారంపూడి ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు పెడతారు. మరి మన ఇంట్లో అందరం తిన్నాక, గిన్నె అడుగున మిగిలింది వేసుకుని తినేదెవరో ఒకసారి చూడండి.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దుటి అన్నం, పప్పు మావాడివి. మొదట్లో రెండుసార్లు మాడబెట్టాడు, తిన్నాం. కూరగాయలు తరగడం, రాత్రి అంట్లు నావి. మా అమ్మ వారం రోజులు సణిగి, ఇప్పుడు మనవడికి తాలింపు నేర్పుతోంది. పాప మళ్లీ చదువుకుంటోంది.

అట్టని నేనేదో మారిపోయానని అనుకోకండి. పోయిన నెల పాపకు ఓ సంబంధం వచ్చింది. అబ్బాయి వాళ్ల పెద్దమనిషి మొదటి ప్రశ్నే "అమ్మాయికి వంటొచ్చా?" అన్నాడు. "మీ అబ్బాయికి వచ్చాండీ" అని అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. ఏమనుకుంటారోనని "వచ్చండీ, బాగా చేస్తది" అన్నా. పాప నా వంక ఒకసారి చూసి తల దించుకుంది. ఆ చూపు ఇంకా మర్చిపోలా. ఈసారి ఎవరన్నా వస్తే అడుగుతా.

మళ్లీ కోతలు వస్తాయి, పిల్లల పరీక్షలూ అప్పుడే వస్తాయి. మీ ఇంట్లో చదువుకునే ఆడపిల్ల ఉంటే పొద్దున్నే ఆమె పుస్తకం ఎక్కడుందో చూడండి. పప్పు డబ్బా పక్కన ఉంటే మీవాణ్ణి లేపండి. వాడు లేవకపోతే మీరే గరిటె పట్టండి.