నిత్యమూ, వైకల్పికమూ

2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరమొకటి ప్రపంచ వార్తలకెక్కింది. ‘జ్ఞా’ ఉన్న సందేశం అందగానే ఐఫోనులో ఆ యాప్ కుప్పకూలేది. నిజానికి దోషం ‘జ్ఞా’ది కాదు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో పొల్లును నిలపడానికి మనమందరం వాడే కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఞ వత్తుకూ దీర్ఘానికీ నడుమ చేరినప్పుడే ఆ ఉపద్రవం. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దానిని సరిదిద్దింది. ఆ కూర్పు ఏ వాచకంలోనూ ఉండదు. మరి దానిని ముందుగా పట్టుకొనే పరీక్ష ఎలా ఉండాలి?

షామీర్‌పేటలో ఉండే నా పూర్వ విద్యార్థి ఒకడు ఉద్యోగం కాక, తీరిక వేళల్లో ఒక స్వేచ్ఛా తెలుగు ఫాంటుకు పని చేస్తుంటాడు. మేడ్చల్‌లో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఈ సంగతులే. ఎవరు ఏ చిన్న మార్పు పంపినా, ఎక్కడో ఒక కంప్యూటరు అంతటినీ మొదటినుండి కూర్చి, పరీక్షలు నడిపి, పచ్చగుర్తో ఎర్రగుర్తో చూపుతుందట. దాని పేరు కంటిన్యువస్ ఇంటిగ్రేషన్. ‘నిత్యసంధానం’ అందామా అన్నాను, నవ్వి ఊరుకున్నాడు. అతని చిక్కల్లా, తెలుగు మాటల పరీక్షకు ముప్పావుగంట పట్టడం. అది తీసివేసి, రెండువందల మాటలు మాత్రం ఉంచుదామని తోటివారి ప్రతిపాదన. ఆ రెండువందలూ నన్ను ఏరి ఇమ్మన్నాడు.

ఆలస్యానికి కారణం మన లిపిలోనే ఉన్నది. హల్లులు 35 అనుకుంటే రెండు హల్లుల సంయుక్తాలు 1,225. పద్నాలుగు గుణింతాలతో 17,150. ‘స్త్రీ’ వలె మూడు హల్లులు కలిస్తే 6,00,250. భాషలో లేనివే అందులో అధికం, నిజమే. కాని ‘జ్ఞా’ ఉదంతం తరువాత, లేదని దేనిని విడిచిపెట్టగలం?

ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్‌లలో మన అక్షరాలను పొందికగా అమర్చేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దానిని నడిపిన బెహ్దాద్ ఎస్ఫాబోద్ వికీపీడియా నుండి పదాలు పోగుచేయించి, మైక్రోసాఫ్ట్ వారి యూనిస్క్రైబ్ ఫలితాలతో పోల్చి చూశాడు. 2013 ప్రాంతపు లెక్కలో తెలుగు పదాలు 9,70,573. అందులో తేడా వచ్చినవి 18 మాత్రమే. తేడా అంటే తప్పనే కాదు. క్లాసులో మొదటివాడి జవాబుతో సరిపోలలేదని అర్థం, అంతే. ఆ పదరాశి వేరే గిడ్డంగిలో ఉంటుంది. ప్రతి మార్పుకూ నడిచేవి, ఒక్కొక్క పంక్తిలో ఇమిడే చిన్న పరీక్షలు.

యంత్రకాలమూ ఊరక రాదు. ఏళ్లతరబడి స్వేచ్ఛా ప్రాజెక్టులకు ఉచితంగా సేవ చేసిన ట్రావిస్ సి.ఐ. 2020 నవంబరులో ఆ ఉచితానికి హద్దు పెట్టింది. గిట్‌హబ్ యంత్రాలపై ఒక్కొక్క పనికి ఆరు గంటలు గడువు. అయినా ఒక అక్షరదోషం దిద్దినవాడిని ముప్పావుగంట కూర్చోబెడితే, రెండవసారి అతడు రాడు. ఈ మాటలో న్యాయమున్నది.

వ్యాకరణంలో కొన్ని సంధులు నిత్యం, కొన్ని వైకల్పికం. వైకల్పికమంటే లేదని కాదుగదా! చిన్న జాబితా ప్రతి మార్పుకూ, పెద్దది ప్రతి రాత్రీ నడవాలన్నాను. పెద్దదానిలో తప్పిన మాటను మరునాడే చిన్నదానిలో చేర్చాలన్నాను. ఒప్పుకున్నాడు.

పేచీ వచ్చింది దంత్య చ-జల వద్ద. ౘ, ౙలు యూనికోడ్‌లోకి 2008లో, నకారపొల్లు 2021లో వచ్చాయి. పాత కావ్యాల, నిఘంటువుల ముద్రణలను కంప్యూటరులోకి ఎక్కించేవారికి ఇవి కావాలి. “గీ అక్షరాలు ఇప్పుడెవరు రాస్తున్నరు సార్?” అన్నాడు. వ్రాసేవారు పదిమందే కావచ్చు. ఆ పదిమందికీ వేరే ఫాంటు ఎక్కడిది? చివరకు నా రెండువందలలో వాటికి చోటు దొరకలేదు, రాత్రి జాబితాలో దొరికింది.

మూడవ రాత్రి ఒక్క ఎర్రగుర్తు వచ్చింది. ౘ కింద ౘ వత్తు లేదు; దాని స్థానంలో పొల్లు వ్రేలాడుతున్నది. మాట ‘పౘ్ౘ’. వత్తు గీయడానికి అతనికి ఒక ఆదివారం పట్టింది. చిన్న జాబితాలో ఇప్పుడు మాటలు 201.