చదివింపుల లెక్క

పెండ్లి జరిగిన యింట పందిరి విప్పుటతో పనులు తీరవు. చదివింపుల లెక్క మిగిలియుండును. ఎవరు 116 రూపాయలు చదివించిరో, ఎవరు 1,116 చదివించిరో వ్రాసియుంచి, వారి యింట శుభకార్యము వచ్చినపుడు అంతకు తక్కువ కాకుండ తిరిగి చదివించుట మన కుటుంబములలో వాడుక. దీనికి కానుక యని పేరే గాని నిజమునకిది పత్రము లేని యప్పు. పత్రము లేదు గనుకనే వ్రాత ముఖ్యము. సోదరీమణులు దీని నెఱుగనివారు కారు.

మేమనగా తణుకులో నొకే యింట కాపురముండు తోడికోడండ్రము ముగ్గురము. 2024 ఫిబ్రవరిలో, మాఘమాసమున, మాలో పెద్దామె కుమార్తెకు వివాహమైనది. మా యింటి చదివింపుల లెక్క అత్తగారి యెఱ్ఱ అట్ట పుస్తకములో నుండును. 1994లో పెద్దామె ఈ యింట కాలు పెట్టిన నాటి పేర్లు కూడ అందులో సిరాతో వ్రాసియున్నవి. ఈ మారు మేము కొంచెము గొప్పకు పోతిమి. లాప్‌టాప్‌లో ఎక్సెల్ తెఱచి వ్రాసినచో కూడికలు అదియే వేయును, పేర్లను అక్షరక్రమమున అదియే పేర్చును గదా యని మా తలంపు. అత్తగారు విని, "మీ యిష్టం. ఆ పుస్తకాన్ని మాత్రం అటక మీద పడేయకండి" అని యూరకుండిరి.

పెండ్లి మఱునాటి రాత్రి భోజనములైన పిదప కూర్చుంటిమి. కవర్లు మొత్తము 214. పెద్దామె కవరు చింపి పేరును మొత్తమును చదువును. నడిమియామె మీటలు నొక్కి వ్రాయును. కడపటియామె రొక్కము సరిచూచి పెట్టెలో వేయును. చింపిన కవరు గోనెసంచిలోనికి పోవును. కవరు మీద పేరుండును గాని లోపలి మొత్తముండదు. ఆ సంగతి అప్పుడు మాకు తట్టలేదు. 8 గంటల 50 నిమిషములకు మొదలు పెట్టి 9-40 వఱకు 163 పేర్లు వ్రాసితిమి. అంతలో కరెంటు పోయినది.

ఆ లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి సంవత్సరమైనది. గోడలోని కరెంటు పోయిన క్షణముననే అదియు నిద్రపోవును. ఇది యింటిలో అందఱము నెఱిగినదే. ఇంకొక మాట చెప్పుటకు సిగ్గగుచున్నది: ఆ యేబది నిమిషములలో నొక్కమారైనను మేము సేవ్ చేయలేదు. ఆ లెక్కకొక పేరైనను పెట్టలేదు.

అరగంటకు దీపములు వెలిగినవి. ఎక్సెల్ తెఱచితిమి. నడుమ తెల్లని గడులు తప్ప మఱేమియు లేవు. పెద్దామెకు కన్నుల నీరు తిరిగినది. ఎడమ ప్రక్కన నొక సన్నని పట్టీ వచ్చియుండెనట. మాలో నెవ్వరమును దానిని చదువలేదు. ఇంజనీరింగు చదువుచున్న పెద్దామె కుమారుడు వచ్చి, అడ్డముగా నున్నదని దానిని మూసివేసెను. అప్పుడు యంత్రము, ఈ ఫైళ్లను పిమ్మట చూచెదవా, లేక తొలగింపుమందువా యని యడిగినది. కుఱ్ఱవాడు తొందరలో పైదానిని నొక్కెను. అది "పిమ్మట చూచెదను" అనునది. రెండవది నొక్కియున్న యెడల ఈ వ్యాసము వేఱొక తీరుగా నుండెడిది.

నడిమియామె ఎక్సెల్‌ను మూసి, మరల తెఱచినది. పట్టీ మరల వచ్చినది. ఈ మారు ముగ్గురమును తలలు చేర్చి చదివితిమి. దానిలో పేరు లేని మా పుస్తకమునకు యంత్రము తానుగా పెట్టుకొన్న పేరును, ప్రక్కన 9 గంటల 31 నిమిషములను కాలమును ఉన్నవి. దానిని నొక్కగా పేర్లు వచ్చినవి. కడపటియామె చప్పట్లు కొట్టినది. క్రిందికి పోయి చూడగా 131 పేర్లే యున్నవి. చప్పట్లు ఆగిపోయినవి.

ఈ తేడా యెట్లు కలిగెనో చెప్పవలెను. ఎక్సెల్‌లో ఆటోరికవర్ అను నేర్పాటొకటి కలదు. మనము సేవ్ చేయకున్నను అది సామాన్యముగా పది నిమిషముల కొకమారు మన లెక్కకు నకలు తీసి వేఱొక చోట దాచును. లోపలి గదిలో నొకరు కూర్చుండి, అప్పుడప్పుడు మాత్రము వచ్చి మన పుస్తకము చూచి వ్రాసికొని పోవుచున్నారనుకొనుడు. వారు కడపట వచ్చి పోయినది 9-31కి. ఆ తరువాత మేము వ్రాసిన 32 పేర్లను వారు చూడనేలేదు. కనుక తిరిగి వచ్చిన ఫైలు మన మూలము కాదు. ఒక నిమిషమున తీసిన నకలు మాత్రమే. పట్టీలోని కాలము మొదట చదువవలెననుట ఇందుకే.

కడపటియామె మిగిలిన పేర్లను జ్ఞాపకము నుండి అందులోనే వ్రాయబోయినది. నడిమియామె ఆమె చేయి పట్టుకొని ఆపినది. మొదట సేవ్ యాజ్ నొక్కి, నకలునకు పేరు పెట్టి, మనకు తెలిసిన చోట ఉంచుకొని, పిమ్మట చేయి పెట్టవలెను. ఆ పని చేసితిమి. ఒక వేళ పట్టీ యసలే రాకున్నను ఆశ వదలరాదు. ఫైల్ అను చోట ఓపెన్ నొక్కినచో, ఇటీవలి ఫైళ్ల జాబితా క్రింద "రికవర్ అన్‌సేవ్డ్ వర్క్‌బుక్స్" అని యుండును. సేవ్ చేయని పుస్తకముల నకళ్లు అక్కడ కొన్ని దినములే యుండును గనుక ఆలస్యము పనికిరాదు. పది నిమిషములను ఒక నిమిషముగా మార్చుకొనుటకు ఆప్షన్స్ లోని సేవ్ అను భాగమున వీలున్నది. లిబ్రే ఆఫీసు వాడువారికిని ఇట్టి యేర్పాటే కలదు. గూగుల్ షీట్స్ మనము వ్రాసినది వ్రాసినట్లే దాచుకొనును గాని దానికి సామాన్యముగా ఇంటర్నెట్టు కావలెను. పెండ్లియింట అంతమంది ఫోనులు పట్టుకొన్నపుడు అది యేపాటి నడచునో మీకు తెలియును.

ఇక 32 పేర్ల సంగతి. గోనెసంచి నేల మీద గుమ్మరించి, తెర మీది 131 పేర్లకు సరిపోయిన కవర్లను తీసివేయగా 32 మిగిలినవి. పేర్లు దొరకినవి. మొత్తములు? పెట్టెలోని రొక్కమును రెండుమార్లు లెక్కపెట్టితిమి: 1,12,388 రూపాయలు. తెర మీది కూడిక 91,276. అనగా ఈ 32 కవర్లలో నుండినవి 21,112. ఒక్కొక్క కవరు పట్టుకొని జ్ఞాపకము చేసికొంటిమి. ఆడువారి జ్ఞాపకమును ఎగతాళి చేయువారు ఆ రాత్రి మా యింట ఉండవలసినది. "ఇది కొత్త నోట్లు పెట్టిన కవరు", "ఇది దండ గుచ్చే ఆవిడది, 516 చూసి అంత ఎందుకు అనుకున్నాము" అనుచు 27 కవర్లను ముగ్గురమును ఏకమాటగా తేల్చితిమి. వాని కూడిక 17,332. మిగిలిన ఐదింటికి 3,780.

ఆ ఐదింటిలో 116లు లేవు, 1,116కు మించినదియు లేదు, అంతవఱకు నిశ్చయము. అట్లయిన రెండు 1,116లు, మూడు 516లు కావలెను. కూడిన సరిగా 3,780. లెక్క ఇంత చక్కగా అమరుటచే మిగిలిన 27 జ్ఞాపకములును సరియే యని ధైర్యము కలిగినది. కాని యే రెండు? ఆ ఐదుగురిలో నొకరు ముప్పది యేండ్లుగా మా వీధికి పెరుగు తెచ్చు అవ్వ. పెద్దామె 516 అన్నది. కడపటియామె 1,116 అన్నది. నడిమియామె మీటల మీద చూపు నిలిపి యుండుటచే నేమియు చెప్పలేకపోయినది. పోయి యడుగుదమా? "అవ్వా, నీవెంత చదివించితివి" అని యెట్లడుగుదుము? తక్కువ చదివించితినని వీరనుకొనుచున్నారు కాబోలునని ఆమె నొచ్చుకొనదా?

గంట పండ్రెండు కావచ్చినది. అంతవఱకు మంచము మీద కన్నులు మూసికొనియున్న అత్తగారు, "ఐదుగురికీ వెయ్యిన్నూటపదహార్లే రాయండి" అనిరి. కుఱ్ఱవాడు వెంటనే లెక్కకట్టి, "మామ్మా, 1,800 ఎక్కువ పడుతుంది" అనెను. "పడనీ. తక్కువ రాసి, ఆ అవ్వ ముందు తలెత్తుకు ఎలా నిలబడతాం?" అని వారు అటు తిరిగి పండుకొనిరి.

తక్కిన 51 కవర్లను మఱునాటి ఉదయము చింపితిమి. నడిమియామె ప్రతి వరుసకును సేవ్ మీట నొక్కుచుండెను. కడపటియామె అవే పేర్లను ఎఱ్ఱ అట్ట పుస్తకములో సిరాతో ఎక్కించుచుండెను. ఆ యైదు పేర్ల ప్రక్కను చిన్న చుక్కలు పెట్టితిమి.

వారిలో నొకరి యింట ఆ యేటి శ్రావణమున పెండ్లి కాగా 1,116 చదివించి వచ్చితిమి. పెరుగు అవ్వ మనుమరాలికి ఇంకను సంబంధములు చూచుచున్నారు.